పిన్ని, పిన్నులు

బీసెంట్ రోడ్డు వెనక సందులో మా షాపు.
బడి బ్యాడ్జీలు, పార్టీ బ్యాడ్జీలు,
సభల్లో మంచినీళ్ళందించే కుర్రాళ్ళకి గులాబీ రిబ్బను బ్యాడ్జీలు
పదహారేళ్ళుగా నొక్కుతున్నాను.
నా కుడి బొటనవేలు
ఎడమదానికంటే కాస్త చదును.

వేసవి సెలవులకి గుంటూరు నించి అక్క పిల్లలొచ్చారు.
బ్యారేజీ అవతలి కొత్త పార్కుకి తీసుకెళ్ళమని
రెండు రోజులు నా కొంగు వదల్లేదు.
అక్కడ పనిచేసేవాళ్ళందరి మెళ్ళో నీలం పట్టీ,
పట్టీ నిండా పిన్నులట.
మనదొకటిస్తే వాళ్ళదొకటి ఇస్తారట.
పార్కు కొట్లో ఒక్కోటి నూట యాభై!
నూట యాభైకి నేను రెండు డజన్లు నొక్కుతాను.

ఆ రాత్రి షట్టరు సగం దించి
మిగిలిన రేకుల మీద ముగ్గురం కూచుని నొక్కాం:
ఎర్ర మిరపకాయ, పచ్చటి ఆటో, ఆవకాయ జాడీ,
బ్యారేజీ (గేట్లు ఏడే పట్టాయి),
తొండం వంకరపోయిన కొండపల్లి ఏనుగు.
ఏనుగు గీసింది జోషిత. ఐదేళ్ళు.

చాప మీద పాఠం మొదలెట్టాను.
"ముందు నమస్తే. తర్వాత వేలితో చూపించాలి, లాగకూడదు.
ఒకటికి ఒకటే.
వెనక ముల్లుకున్న రబ్బరు బిరడా పోతే
పిన్నూ పోయినట్టే.
ఇచ్చేశాక ఏడవకూడదు.
ఇచ్చింది బాగుందా, తెచ్చుకుంది బాగుందా అని
రాత్రంతా లెక్కలేసుకోకూడదు."
ఆఖరిది నాకు నేనే చెప్పుకున్నాను.
"పిన్నీ, పిన్నూ ఒకటేనా?" అంది జోషిత.
పిన్ని గుచ్చదన్నాను.
వాళ్ళన్నయ్య నవ్వాడు, నమ్మనట్టు.

పార్కులో అభినయ్
గంటలో పెద్ద షావుకారైపోయాడు.
మిరపకాయిచ్చి మొసలి, మొసలిచ్చి రాకెట్టు,
రాకెట్టిచ్చి మళ్ళీ మొసలి.
అది తను ఇచ్చిన మొసలే. వాడు గుర్తుపట్టలేదు.
జోషిత మాత్రం
పట్టీని రెండు గుప్పిళ్ళతో గుండెకి అదుముకుని
ఐస్‌ఫ్రూటు కూడా నా చేత్తోనే తింది.

"ఒక్కటైనా అడగవే."
తల అడ్డంగా.
"పోనీ ఆటో ఇచ్చెయ్. ఇంట్లో ఇంకో రెండున్నాయిగా."
ఆటో కేసి చూసింది.
తర్వాత నా కేసి చూసింది,
ఇంట్లో మనిషిని అమ్మకానికి పెట్టినదాన్ని చూసినట్టు.

సాయంత్రం రంగులరాట్నం దగ్గర
గుర్రాలకి బెల్టులు బిగించే మస్తాన్‌వలి.
ఆయన పట్టీ మీద అన్ని పిన్నులూ మొహం చూపిస్తుంటే
ఒక్కటి మాత్రం వీపు చూపిస్తోంది.
పిల్ల అక్కడ ఆగింది.
నమస్తే పెట్టింది. వేలితో చూపించింది.
ఏనుగుని విప్పి, అరచేతిలో పెట్టి, చెయ్యి చాపింది.
అయ్యో ఏనుగా, అనుకున్నాను నేను.

ఆయన గొంతుక్కూచుని
ఏనుగుని తీరిగ్గా చూశాడు, తొండం చివరిదాకా.
"భలే ఉందమ్మా.
కానీ ఇది మార్చేది కాదు. అందుకే తిప్పి పెట్టుకున్నా."
అటువైపు ఏముందో చూపించలేదు.
మేమూ అడగలేదు.
అప్పటికే రెండో గంట కొట్టారు,
ఆయన గుర్రాల మధ్యకి వెళ్ళిపోయాడు.

ఏడుస్తుందనుకున్నాను.
కాదనిపించుకోవడం నా పాఠంలో లేదు,
కాదనడమూ లేదు.
పిల్ల సిమెంటు బల్లెక్కి
నాలిక కాస్త బయటపెట్టి
ఒక్కొక్క పిన్నూ విప్పింది.
మొహాలు లోపలికి, బిరడాలు బయటికి
అన్నీ తిప్పి గుచ్చుకుంది.
అప్పుడు తిన్నది రెండో ఐస్‌ఫ్రూటు,
రెండు చేతులతో,
మోచేతుల దాకా కార్చుకుంటూ.

తిరుగు ఆటోలో బ్యారేజీ మీద
ఒకటే గాలి. కింద ఇసుక, అక్కడక్కడా కృష్ణ.
అభినయ్ మొసలిని పట్టుకుని నిద్రపోయాడు.
జోషిత నా ఒళ్ళో నిలబడి
భుజం మీద చీర మడతలో ఏదో గుచ్చింది.
ఏ బొమ్మో చూపించలేదు.
రేకు మాత్రం చల్లగా తగిలింది.

సోమవారం షాపుకొచ్చిన హెడ్మాస్టరు అడిగారు,
"భుజం మీద ఆ నల్లచుక్కేంటమ్మా?"

"బ్యాడ్జీలు ఎన్ని కావాలండీ?" అన్నాను.